మంచినీళ్ల చెరువులో కాలెందుకు పెట్టకూడదు?

ఆంధ్రప్రదేశ్‌లోని ముదినేపల్లి, కైకలూరు ప్రాంతాల్లో బోరు వేస్తే చాలాచోట్ల పడేది ఉప్పునీరే. తాగడానికి కాలువ నీరే దిక్కు. వేసవిలో కాలువలు కట్టేసేలోపు ఊరి మంచినీళ్ల చెరువు నింపుకుంటారు. మళ్లీ కాలువ వదిలేదాకా ఆ నీటినే ఫిల్టర్ బెడ్ల మీదుగా కుళాయిలకు పంపుతారు. అందుకే ఆ చెరువుకు కంచె, గేటు, బోర్డు: ఈత కొట్టరాదు, బట్టలు ఉతకరాదు, గేదెలను కడగరాదు. ఊరి చెరువుల్లో కొన్నింటిని తాగునీటికే ప్రత్యేకించే అధికారం పంచాయతీలకు ఉంది. అలాంటి నీటిని కావాలని పాడుచేయడం 1860 నాటి శిక్షాస్మృతిలో 277వ సెక్షన్ కింద నేరం. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 279వ సెక్షన్.

ఈ నిషేధం మడి ఆచారం కాదు. నీళ్లు తీసుకోవడం వేరు, నీళ్లలోకి దిగడం వేరు. ఆ తేడా ఎంతటిదో నారికురుపు కథ చూస్తే తెలుస్తుంది.

నారికురుపు పురుగు సేమ్యా పోగంత సన్నం. ఆడపురుగు దాదాపు మీటరు దాకా పెరుగుతుంది. మనిషి ఒంట్లో చేరిన సుమారు ఏడాదికి, ఎక్కువగా మోకాలి దిగువన, పొక్కు లేపి బయటికి వస్తుంది. పొక్కు నిప్పులా మండుతుంది. మంట చల్లారడానికి రోగి చెరువు రేవులోనో దిగుడు బావిలోనో కాలు ముంచుతాడు. పురుగుకు కావలసిందీ అదే. నీరు తగలగానే లక్షల పిల్లపురుగులను వదులుతుంది. వాటి ఆయుష్షు కొద్దిరోజులే. ఆలోగా సైక్లాప్స్ అనే మిల్లీమీటరు పొడవు నీటిజీవి వాటిని మింగాలి. దాని ఒంట్లో రెండు వారాలు పెరిగితేగాని అవి మనిషికి సోకే దశకు రావు. ఆ రేవులోనే బిందె ముంచుకున్నవారి కడుపులోకి సైక్లాప్స్ వెళ్తుంది. జఠరరసానికి అది చస్తుంది, పిల్లపురుగులు బయటపడతాయి. మళ్లీ ఏడాది నిరీక్షణ.

దీన్ని పోల్చుకోవడానికి వైద్యులకు శతాబ్దాలు పట్టింది. అరబ్బు వైద్యులు దీన్ని మదీనా నరమన్నారు. నెపోలియన్ సైన్యంలోని శస్త్రవైద్యుడు లారే పురుగే కాదు, చచ్చిన కణజాలమన్నాడు. కాళ్లకే వస్తోంది కాబట్టి చెరువులో దిగినవారి చర్మం గుండా దూరుతోందని 19వ శతాబ్దంలో చాలామంది నమ్మారు. 1870 ప్రాంతంలో రష్యా శాస్త్రజ్ఞుడు అలెక్సీ ఫెద్చెంకో సైక్లాప్స్ పాత్రను కనిపెట్టాక వ్యవహారం తలకిందులైంది: పురుగు లోపలికి వెళ్లేది నోటి గుండా, కాలు దానికి బయటికి దారి మాత్రమే. దిగినవాడికి కొత్తగా వచ్చే ముప్పేమీ లేదు. ముప్పంతా తర్వాత తాగేవారికి.

ఈ రోగానికి ఇప్పటికీ టీకా లేదు, పురుగును చంపే మందూ లేదు. పుల్లకు చుట్టి రోజుకు కొంచెంగా లాగడమే వైద్యం. అయినా ఆంధ్రప్రదేశ్‌తో సహా ఏడు రాష్ట్రాలను పీడించిన ఈ జబ్బు భారతదేశంలో 1996 జులైతో ఆగిపోయింది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. దిగుడు బావులను చేదబావులుగా మార్చారు, చేతిపంపులు వేశారు, నీళ్లను గుడ్డతో వడగట్టించారు, సైక్లాప్స్‌ను చంపే మందు చల్లారు. వీటిలో మొదటి రెండూ నీటికీ కాలికీ మధ్య ఎడం పెట్టినవే.

నారికురుపు పోయినా నియమం అవసరం పోలేదు. పశువుల పేడలో ఉండే క్రిప్టోస్పోరిడియం క్లోరిన్‌కు లొంగదు. 1993లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో అది కుళాయి నీటి ద్వారా సుమారు 4 లక్షల మందికి సోకింది. పేడలోనూ కొన్ని డిటర్జెంట్లలోనూ ఉండే భాస్వరం నాచును పెంచుతుంది, నాచు ఫిల్టర్ బెడ్‌లోని ఇసుకను పూడుస్తుంది.

ఇంత తెలిసినా ఖర్చు బోర్డు దగ్గరే ఆగిపోవడం మామూలే. గట్టు మీదే కుళాయి, పశువులకు వేరే చెరువు, బట్టలకు వేరే రేవు ఉంటే మంచినీళ్ల చెరువులోకి దిగే పని ఎవరికీ ఉండదు. అవి లేనిచోట కంచెకు కంత పడటానికి ఒక్క వేసవి చాలు.