కలుపు

“అన్నములో పప్పు కలుపుము” అన్నచోట కలుపు క్రియ. “చేనిలో కలుపు తీయుము” అన్నచోట నది నామము. పైరుతో కలిసి పెరుగుటచే ఆ గడ్డికి కలుపు అను పేరు వచ్చినదని పలువురు తలంతురు. తలంపు చక్కనిదే, కాని సరియైనది కాదు.

క్రియకు మూలము ‘కలియు’. తెలియు నుండి తెలుపు ఏర్పడినట్లే కలియు నుండి కలుపు ఏర్పడినది. పాలలో నీరు కలియును, మనము కలుపుదుము. కన్నడములోని ‘కలసు’, తమిళములోని ‘కల’ దీనికి తోబుట్టువులు. వీనియందున్నది లకారము. ఆ భాషలలోనే చేనిగడ్డిని ‘కళె’, ‘కళై’ యందురు. అందున్నది ళకారము! తెలుగున నీ మాటయందు ళకారము లకారమగుటచే వేర్వేరు కుదుళ్ల మాటలు రెండును ఒకే రూపు దాల్చినవి. సోదరభాషలను చూడనిదే ఈ భేదము మనకు తెలియదు. తమిళమున ‘కళై’ క్రియగా కూడ నున్నది. దానికి పెరికివేయుట, తొలగించుట యని యర్థము.