బైక్ సైలెన్సర్: సౌండ్ బాగుండాలంటే పీకేయడం కాదు.. నింపాలి! అసలు సీక్రెట్ ఇదే..

చలికాలం వచ్చిందంటే చాలు.. వీకెండ్‌లో నర్సీపట్నం మీదుగా లంబసింగికి బైకులు బారులు తీరుతాయి. మంచు చూద్దామని తెల్లవారకముందే బయల్దేరే ఆ బండ్లలో కొన్నింటి మోతకి రోడ్డు పక్క ఇళ్లల్లో పసిపిల్లలు ఉలిక్కిపడి లేస్తారు. కారణం.. ‘సౌండ్ అదిరిపోవాలి’ అంటూ సైలెన్సర్‌లోని బాఫిల్ పీకేయించడమే. నిజానికి మంచి సౌండ్ కోసం చేయాల్సింది దీనికి పూర్తి రివర్స్!

లోపల ఏముంటుంది?

బయట విడిగా అమ్మే చాలా సైలెన్సర్లలో చిల్లుల గొట్టం, దాని చుట్టూ గ్లాస్ వూల్ ఉంటాయి. ఇంజిన్ శబ్దం ఆ చిల్లుల్లోంచి వూల్‌లోకి దూరి, పోగుల మధ్య రాపిడికి వేడిగా మారిపోతుంది. చెవికి గుచ్చుకునే కీచు శబ్దమే ఎక్కువగా తగ్గుతుంది. గంభీరమైన బేస్ మిగులుతుంది. వాడేకొద్దీ వూల్ కాలి, మసి పట్టి, పొగతో పాటు బయటికి కొట్టుకుపోతుంది. అప్పుడే రేకు డబ్బా మోత మొదలవుతుంది.

రీప్యాకింగ్ ఎలా?

సైలెన్సర్ పూర్తిగా చల్లారాక రివెట్లు తీసి గొట్టాన్ని బయటికి లాగాలి. పాత వూల్ తీసేసి, చిల్లుల్లోని మసిని వైర్ బ్రష్‌తో గీకాలి. కొత్త వూల్ చుట్టి మళ్లీ రివెట్లు కొట్టాలి. మరీ బిగించి కూరితే శబ్దం సరిగా ఇంకదు.. వదులుగా చుడితే త్వరగా ఎగిరిపోతుంది. వూల్ పోగులు చర్మానికి, ఊపిరితిత్తులకు మంచివి కావు. గ్లౌజులు, మాస్క్ తప్పనిసరి.

అయితే కంపెనీ సైలెన్సర్లు చాలావరకు గదులు గదులుగా ఉంటాయి. వాటిలో మార్చడానికి వూల్ ఉండదు, కోయించొద్దు. బీఎస్-6 బండ్లలో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా ఉంటుంది. దాన్ని తీసేస్తే విషవాయువులు నేరుగా గాల్లోకే!

మోత మోగిస్తే..

175 సీసీ దాటిన బైకులకు తయారీ దశలోనే 80 డెసిబెల్స్ పరిమితి ఉంది. శబ్ద నిబంధనలు ఉల్లంఘిస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190(2) కింద రూ.10 వేల వరకు జరిమానా, 3 నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. 3 నెలలు లైసెన్స్ కూడా పోతుంది. 2024లో విశాఖలో పోలీసులు ఇలాంటి సైలెన్సర్లను ఏకంగా రోడ్డు రోలర్‌తో తొక్కించేశారు.

సో.. మీ బండి గొంతు మారిందా? పీకించే ముందు లోపల వూల్ ఉందో, ఎగిరిపోయిందో ఒకసారి చూపించుకోండి. మోత వేరు.. సౌండ్ వేరు!