పాత కంప్యూటర్‌కు ప్రాసెసర్ మార్చాలా? డబ్బు పెట్టే ముందు ఇవి చూడండి

2012, 2013 ప్రాంతంలో కొన్న డెస్క్‌టాప్‌లు మన ఇళ్లలో, దుకాణాల్లో ఇంకా చాలానే నడుస్తున్నాయి. అబ్బా ట్యాలీలో లెక్కలు రాసేది, అమ్మాయి అడ్మిషన్ ఫారాలు నింపేది, పెళ్లి కార్డుల పని వస్తే ఇన్‌పేజ్‌లో ఉర్దూ కొట్టేది అన్నీ దాని మీదే. కాకపోతే ఆన్ చేసి చాయ్ తాగి వచ్చినా స్క్రీన్ పూర్తిగా రాదు. రిపేరు షాపులో అడిగితే "ప్రాసెసర్ పాతదైంది, మార్చేద్దాం" అంటారు. మార్చొచ్చు. కానీ అందరికీ అది లాభం కాదు. ఎవరికి పనికొస్తుందో, ఎవరికి డబ్బు దండగో చూద్దాం.

ముందు జబ్బు ఎక్కడుందో చూడండి

కంప్యూటర్ బాగా స్లో అయిన సమయంలో కీబోర్డు మీద కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో సీపీయూ, మెమరీ, డిస్క్ అని మూడు గడులు, పక్కన శాతాలు కనిపిస్తాయి.

డిస్క్ 100 శాతం దగ్గరే ఆగిపోతుంటే తప్పు ప్రాసెసర్‌ది కాదు, పాత హార్డ్ డిస్క్‌ది. ఎస్‌ఎస్‌డీ వేస్తే చాలు. మెమరీ 90 శాతం దాటుతుంటే ర్యామ్ సరిపోవట్లేదు. 4 జీబీ ఉంటే 8 చేయించండి. ఈ రెండూ మామూలుగా ఉండి సీపీయూ మాత్రమే 100 దగ్గర కూర్చుంటే, అప్పుడే ప్రాసెసర్ సంగతి ఆలోచించాలి. ఆన్ అవడానికే నిమిషాలు పడుతుంటే మాత్రం చాలాసార్లు కారణం హార్డ్ డిస్కే.

ఏ బోర్డుకు ఏ చిప్

ప్రాసెసర్ కూర్చునే చోటును సాకెట్ అంటారు. సాకెట్ సరిపోతేనే చిప్ పడుతుంది. సీపీయూ-జడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేస్తే మీ ప్రాసెసర్ పేరు, సాకెట్, మదర్‌బోర్డు మోడల్ అన్నీ చూపిస్తుంది. ఆ మోడల్ నంబరుతో బోర్డు కంపెనీ వెబ్‌సైట్‌లో వెతికితే ఏయే ప్రాసెసర్లు పనిచేస్తాయో లిస్టు దొరుకుతుంది. షాపువాళ్లు చెప్పినా సరే, ఆ లిస్టులో పేరు ఉంటేనే కొనండి.

ఉదాహరణకు ఇంటెల్ హెచ్61 బోర్డు, ఐ3-2100 ప్రాసెసర్ ఉందనుకోండి. సాకెట్ ఎల్‌జీఏ 1155. ఐ3లో 2 కోర్లు. దాని స్థానంలో 4 కోర్లున్న ఐ5-2400 గానీ, ఐ5-3470 గానీ వేయొచ్చు. ఐ5-3470 మూడో తరం చిప్ కాబట్టి చాలా హెచ్61 బోర్డుల్లో ముందు బయోస్ అప్‌డేట్ చేయాలి. పాత చిప్ బిగించి ఉండగానే ఆ పని అవ్వాలి. మధ్యలో కరెంటు పోతే బోర్డే పాడవ్వొచ్చు, యూపీఎస్ తప్పనిసరి. ఇక ఐ3-2100 రేటింగ్ 65 వాట్లు, ఐ5-2400 ది 95 వాట్లు. వేడి పెరుగుతుంది కాబట్టి కూలర్ సరిపోతుందా అని కూడా అడగండి.

ఇప్పుడు ఇంకో కేసు. 2017లో కొన్న ఏఎండీ రైజెన్ 3 1200 మెషిన్. దీని సాకెట్ ఏఎం4. ఆ కాలం బోర్డుల్లో చాలావాటికి బయోస్ అప్‌డేట్ చేస్తే రైజెన్ 5 5600 పడుతుంది. 4 కోర్ల నుంచి 6 కోర్లు, 12 థ్రెడ్లు. రెండూ 65 వాట్లే. రెండింటికీ విడిగా గ్రాఫిక్స్ కార్డు కావాలి, అది ముందే ఉంటుంది కాబట్టి కొత్తగా కొననక్కర్లేదు.

విండోస్ 11 సంగతి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11కి ఇంటెల్‌లో అయితే సాధారణంగా 8వ తరం, రైజెన్‌లో 2000 సిరీస్ నుంచి పైన ఉండాలి. టీపీఎం 2.0 కూడా ఉండాలి. అంటే హెచ్61 బోర్డులో ఎంత మంచి చిప్ వేసినా మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం విండోస్ 11 రాదు. రైజెన్ 1200 ఉన్నవాళ్లు 5600 వేసుకుంటే మాత్రం ఆ దారి తెరుచుకుంటుంది. బ్యాంకు పనులు, జీఎస్టీ రిటర్నులు ఆ కంప్యూటర్‌లోనే చేసేవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. సెక్యూరిటీ అప్‌డేట్లు లేని మెషిన్‌లో పాస్‌వర్డులు కొట్టడం తాళం లేని గల్లా పెట్టె లాంటిది.

లెక్క ఇలా వేయండి

కామర్స్ చదివినవాళ్లకు తెలిసిన మాటే: ఇదివరకు పెట్టేసిన డబ్బు ఇప్పటి నిర్ణయంలోకి రాకూడదు. "అప్పట్లో అంత పెట్టి కొన్నాం కదా" అని పాత మెషిన్‌కే మళ్లీ మళ్లీ ఖర్చు చేయొద్దు. ఇప్పుడు పెట్టే రూపాయి రేపు కొత్త మెషిన్ కొంటే వెంట వస్తుందా అని అడగండి.

సాటా ఎస్‌ఎస్‌డీ వెంట వస్తుంది, తీసి తర్వాతి కంప్యూటర్‌లో పెట్టుకోవచ్చు. డీడీఆర్3 ర్యామ్ కొత్త బోర్డుల్లో పట్టదు. పాత సాకెట్ చిప్ కూడా ఆ బోర్డుతోనే ఆగిపోతుంది. అందుకే మొదటి ఖర్చు ఎస్‌ఎస్‌డీ మీద పెట్టడం మేలు.

దాని తర్వాత కూడా ప్రాసెసరే కావాలనిపిస్తే చిప్, థర్మల్ పేస్ట్, బిగింపు కూలి అన్నీ కలిపి ఒక కాగితం మీద రాయండి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో, మీ ఊరి కంప్యూటర్ షాపుల్లోనో 8వ తరం సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ రేటు అడిగి పక్కన రాయండి. తేడా కొంచెమే అయితే పాతదాన్ని వదిలేయడమే నయం. బోర్డు కూడా మార్చాలంటే ర్యామ్ కూడా మారుతుంది, అది దాదాపు కొత్త కంప్యూటర్ కొన్నట్టే.

బిగించేటప్పుడు

ట్యాలీ డేటా, ఇన్‌పేజ్ ఫైళ్లు, ఫొటోలు ముందు పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేయండి. సెకండ్ హ్యాండ్ చిప్ అయితే షాపులోనే బిగించి ఆన్ చేసి చూపించమనండి, ఎన్ని రోజులు వాపసు తీసుకుంటారో బిల్లు మీద రాయించుకోండి. ఈ ఇంటెల్ బోర్డుల్లో పిన్నులు బోర్డు మీద ఉంటాయి, ఏఎం4లో చిప్ కింద ఉంటాయి. ఎక్కడున్నా ఒక్కటి వంగినా కష్టమే, అందుకని బలంగా నొక్కొద్దు. పాత పేస్ట్ తుడిచి కొత్తది బఠానీ గింజంత పెడితే చాలు. కూలర్ ఫ్యాన్ వైరు బోర్డుకు తగిలించారో లేదో చూసుకునే స్విచ్ వేయండి. బోర్డు మీది కెపాసిటర్లు ఉబ్బి కనిపిస్తే మాత్రం అక్కడే ఆగిపోండి, ఆ బోర్డు మీద ఇంకో రూపాయి పెట్టొద్దు.