పాత కంప్యూటరు అమ్మే ముందు సంఘాలు తీసుకోవలసిన జాగ్రత్తలు

ఒక సంఘం తనిఖీకి వెళ్ళినపుడు డెడ్ స్టాకు రిజిస్టరులో ఒక పద్దు కనిపించింది: "పాత కంప్యూటరు 1, పాత సామాన్ల వర్తకునికి అమ్మకం." సొమ్ముకు రసీదు ఉన్నది. పాలకవర్గ తీర్మానం ఉన్నది. లెక్క ప్రకారం తప్పు పట్టటానికి ఏమీ లేదు.

"లోపలి సమాచారం ఏం చేశారు?" అని కార్యదర్శిని అడిగాను. "అంతా డిలీట్ చేసే ఇచ్చామండీ" అన్నారు. ఆయన అబద్ధం చెప్పలేదు. కాని డిలీట్ చేసినంత మాత్రాన సమాచారం పోదని ఆయనకు తెలియదు. వర్తకుణ్ణి విచారిస్తే, ఆ కంప్యూటరు అప్పటికే పట్నంలో మరొకరి చేతికి పోయిందన్నాడు. ఇటువంటి పొరపాటు ఏ సంఘంలోనైనా జరగవచ్చు కనుక ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

కంప్యూటరులో ఏమున్నది?

పాల సేకరణ కేంద్రం కంప్యూటరులో పోసిన పాలు, వెన్నశాతం, ఎస్.ఎన్.ఎఫ్. లెక్కలు మాత్రమే ఉండవు. బిల్లు సొమ్ము బ్యాంకులో జమ చేయటానికి సభ్యుల పేర్లు, ఫోను నంబర్లు, ఖాతా నంబర్లు, కొన్నిచోట్ల ఆధార్ ప్రతులు కూడా ఉంటాయి. ఇవి మోసగాని చేత పడితే ఏమవుతుంది? అతడు సభ్యురాలికి ఫోను చేసి, "అమ్మా, పాల సంఘం నుంచి మాట్లాడుతున్నాను. మీ ఖాతా నంబరు ఇదే కదా? బోనస్ జమ చేయాలి, ఫోనుకు వచ్చిన ఓ.టి.పి. చెప్పండి" అంటాడు. వివరాలన్నీ సరిపోయినందున ఆమె నమ్ముతుంది. తెల్లవారుజామున లేచి పాలు పిండి సంపాదించిన సొమ్ము క్షణంలో పోతుంది.

డిలీట్ చేస్తే ఎందుకు పోదు?

క్యాను మీద వేసిన నంబరు చెరిపివేస్తే లోపలి పాలు ఒలికిపోవు కదా! డిలీట్ చేయటం కూడా అంతే. ఫైలు ఎక్కడున్నదో తెలిపే గుర్తు మాత్రమే పోతుంది. దాని మీద వేరే సమాచారం వ్రాయబడే వరకు హార్డ్ డిస్కులో అసలు ఫైలు అట్లాగే ఉంటుంది. తొందరగా అయిపోయే క్విక్ ఫార్మాట్ కూడా ఇటువంటిదే. పోయిన ఫైళ్ళను వెలికితీసే ప్రోగ్రాములు ఎవరికైనా దొరుకుతాయి.

ఈ పొరపాటు పెద్ద సంస్థలు కూడా చేశాయి. అమెరికాలో మోర్గాన్ స్టాన్లీ అనే ఆర్థిక సంస్థ తన పాత డిస్కులను, సమాచారం నాశనం చేయటంలో అనుభవం లేని ఒక సామాన్ల రవాణా కంపెనీకి అప్పగించింది. వాటిలో కొన్ని, సమాచారం తుడవకుండానే, ఇంటర్నెట్ వేలంలో అమ్ముడుపోయినవి. సుమారు కోటిన్నర మంది ఖాతాదారుల వివరాలకు రక్షణ కల్పించలేదని 2022 సెప్టెంబరులో అక్కడి ప్రభుత్వ సంస్థ 3.5 కోట్ల డాలర్ల జరిమానా వేసింది.

సంఘాలు పాటించవలసిన పద్ధతి

1. ఆడిట్‌కు కావలసిన లెక్కలన్నీ కొత్త కంప్యూటరులోకి ఎక్కించి, అవి సరిగా తెరుచుకుంటున్నవో లేదో చూడవలెను. ఆడిట్ పూర్తికాని రికార్డును నాశనం చేయరాదు.

2. హార్డ్ డిస్కు పనిచేస్తూ ఉంటే, తుడిచే ప్రోగ్రాముతో డిస్కు మొత్తం మీద ఒకసారి తిరగవ్రాయించవలెను. సాధారణంగా ఇది చాలు.

3. డిస్కు చెడిపోయి ఉంటే దానిని ఊడదీసి, లోపలి పలకలకు డ్రిల్లుతో రంధ్రాలు వేయించవలెను. కొన్నిటిలో పలకలు గాజువి, కళ్ళు జాగ్రత్త. కాల్చరాదు, ఆ పొగ విషం.

4. ఎస్.ఎస్.డి., పెన్ డ్రైవ్, మెమరీ కార్డులకు తిరగవ్రాయటం నమ్మదగినది కాదు. కొంత సమాచారం మూలల్లో మిగిలిపోవచ్చు. ఎస్.ఎస్.డి.కి తయారీదారు ఇచ్చిన పూర్తి తుడుపు ఆదేశం వాడవలెను. తక్కినవాటి చిప్పులను ముక్కలు చేయవలెను. సంఘం పనికి వాడిన పాత ఫోనును కూడా మరువరాదు.

5. డిస్కు సీరియల్ నంబరు, తుడిచిన తేదీ, విధానం మినిట్సు పుస్తకంలో వ్రాసి, ఇద్దరు పాలకవర్గ సభ్యులు సంతకాలు చేయవలెను. మిగిలిన సామానును కాలుష్య నియంత్రణ మండలిలో నమోదైన ఈ-వ్యర్థాల సంస్థకు ఇచ్చి రసీదు తీసుకొనవలెను.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం కూడా, అవసరం తీరిన వ్యక్తిగత వివరాలను తుడిచివేయటం వాటిని ఉంచుకున్న సంస్థ బాధ్యత. తగిన రక్షణ లేకపోతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానాకు వీలున్నది. దశలవారీ అమలు కోసం 2025 నవంబరులో నియమాలు వెలువడినవి.

పాత కంప్యూటరుకు వచ్చే ధర కొన్ని వందలు. అందులోని ఖాతాలు ఊరందరివి. కనుక వచ్చే సర్వసభ్య సమావేశంలో ప్రతి సభ్యుడు, సభ్యురాలు ఒక ప్రశ్న అడగవలసిందిగా కోరుతున్నాను: "మన పాత కంప్యూటరు ఎక్కడున్నది? అందులోని మా వివరాలు ఏమైనవి?" ఈ ప్రశ్నకు మినిట్సు పుస్తకం తెరిచి జవాబు చూపగలిగిన కార్యదర్శి ఉంటే, ఆ సంఘం సభ్యులు నిశ్చింతగా ఉండవచ్చు.