అలంకారాక్షరములు

అక్షరము చదువుటకై పుట్టినది. అయినను పుస్తకము అట్టమీది పేరు, శుభలేఖలోని వధూవరుల పేర్లు, నాటక ప్రకటన కంటికి ఇంపుగా కూడ ఉండవలెనని మనము కోరుదుము. ఇట్టి పనులకై ఒంపుసొంపులతో తీర్చిన అచ్చు అక్షరములను అలంకార ఖతి యందురు. ఖతి యనగా ఒకే పోలికతో దిద్దిన అక్షరముల సముదాయము. దీనినే ఫాంటు అనియు పిలుతురు.

ప్రసిద్ధ చిత్రకారుడు బాపు (1933–2014) దస్తూరి తెలుగువారికి సుపరిచితము. ఆ వ్రాతను అనుసరించి కంప్యూటరు ఖతిని కూర్చిరి. చేతితో వ్రాయువాడు ప్రతి మాటను చోటునకు తగినట్లు మలచుకొనును. ఖతిని కూర్చువానికి ఆ వీలు లేదు. ఒకసారి దిద్దిన అక్షరము ఏ యక్షరము ప్రక్కన నిలిచినను పొసగవలెను. తెలుగులో గుణింతములును ఒత్తులును ఉన్నందున ఈ శ్రమ అనేక రెట్లగును.

సిలికానాంధ్ర సంస్థ ఉచితముగా అందించిన ఖతులలో రెండింటికి గిడుగు, గురజాడ అని పేర్లు. గిడుగు వేంకట రామమూర్తి 1863లో శ్రీముఖలింగము చేరువనున్న పర్వతాలపేటలో జన్మించెను. గురజాడ అప్పారావు విజయనగరమున నివసించి 'కన్యాశుల్కము' రచించెను. ఈ ఖతులు శీర్షికలకు, గోడపత్రములకు తగినవి.

అలంకారమునకు హద్దు ఎక్కడ? శ్రీకాకుళము జిల్లా సముద్రతీరమున భావనపాడు అను మత్స్యకార గ్రామము కలదు. ఆ పేరును ఒక పడవపై అలంకారాక్షరములతో తీర్చదలచితి మనుకొందము. భకారము క్రింది చిన్నగీత అందమునకు అడ్డమని తీసివేసినచో అది 'బావనపాడు' అగును. పకారము తల తెరచి యుండును. సొంపు కొరకు దానిని మూసివేసినచో వకారమై, 'భావనవాడు' అగును. ఒడ్డున నున్నవారు ఊహించి చదువుకొందురు. కాని అలలపై ఊగు పడవను దూరము నుండి చూచువానికి ఊహ చాలదు. ఆపదలో చిక్కిన పడవ ఏ యూరిదో తెలియుట ప్రాణములతో కూడిన విషయము. కావున అక్షరమును అక్షరము నుండి వేరుచేయు గుర్తును ఎన్నడును చెరుపరాదు. తక్కిన భాగమును ఎంతయైన సింగారింపవచ్చును.

వాడుకలోను కొన్ని నియమములు పాటింపవలెను. అలంకార ఖతిని కొలది మాటలకే వాడవలెను. అక్షరములు పెద్దవిగా నుండవలెను. చిన్నవైనచో ఒంపులన్నియు ఒకదానితో నొకటి కలిసిపోవును. ఒత్తులు పై పంక్తినుండి దిగి క్రింది పంక్తిని తాకకుండునట్లు పంక్తుల నడుమ చాలినంత చోటు విడువవలెను. ఒకే పుటలో రెండు మూడు అలంకార ఖతులను కలిపినచో ఏదియు రాణింపదు. శీర్షిక క్రింది వ్యాసమునకు సాదా అక్షరములే మేలు.

పట్టుబట్ట పండుగనాడు శోభించును. నిత్యము పనిపాటలకు నూలుబట్టయే అనువు. అక్షరముల విషయమునను ఇంతియే. మీ పాఠశాల గోడపత్రికకు శీర్షిక వ్రాయునపుడు, దానిని పది అడుగుల దూరమున నున్న మిత్రునిచేత చదివింపుడు. అతడు తడబడక చదివినచో మీ అలంకారము సార్థకమైనట్లే.