గోత్రము – ఇంటిపేరు

అర్చన సమయమున అర్చకస్వాములు గోత్రమడిగినపుడు కొందరు ఇంటిపేరు చెప్పుచుండుట మేము తరచుగా వినుచున్నాము. ఈ రెండును ఒకటి కావు. ఈ భేదము తెలియనిచో వివాహ నిశ్చయమునందు చిక్కులు కలుగును గనుక ఈ నాలుగు మాటలు విన్నవించుచున్నాము.

గోత్రము ఋషిపరంపరను తెలుపును. భారద్వాజస, కౌండిన్యస, హరితస మొదలగునవి గోత్రములు. సంకల్పమునందును, తర్పణమునందును చెప్పవలసినది గోత్రమే. ఇంటిపేరు లోకవ్యవహారమున పుట్టినది. పెద్దలు నివసించిన యూరు, అభ్యసించిన విద్య, ఆచరించిన కర్మ దానికి మూలములు.

రెండు వేదములు చదివినవారి వంశము ద్వివేదులవారు. సోమయాగము చేసినవారి వంశము సోమయాజులవారు. ఇందలి "ల" షష్ఠీ విభక్త్యర్థమును తెలుపును. సోమయాజుల యింటివాడని భావము. వంశము ముందు, వ్యక్తి తరువాత. కనుకనే తెలుగునాట ఇంటిపేరు ముందుగా పలుకుదురు. అయితే "ల"తో ముగియు పేర్లన్నియు ఇట్టివి కావు. కాకర్ల యనునది ఊరి పేరు.

సద్గురు త్యాగరాజస్వామి వారి ఇంటిపేరు కాకర్ల. వారు 1767లో తిరువారూరున జన్మించి, 1847లో తిరువయ్యారున సిద్ధి పొందిరి. వారి పూర్వుల గ్రామమైన కాకర్ల కంభము ప్రాంతమున నున్నది. ఆ ప్రాంతముననే మోక్షగుండము కలదు. కన్నడదేశమున ముద్దేనహళ్లిలో 1861లో జన్మించిన విశ్వేశ్వరయ్యగారి ఇంటిపేరు ఆ గ్రామనామమే. తిరుత్తణిలో 1888లో జన్మించిన రాధాకృష్ణన్ గారు నెల్లూరు సీమలోని సర్వేపల్లిని పేరున నిలుపుకొనిరి. ఊరు విడిచినను, తరములు గడచినను ఊరి పేరు వారిని విడువలేదు.

ఒకే యూరి నుండి భిన్న గోత్రములవారు, భిన్న కులములవారు తరలిపోయిరి. కావున ఇంటిపేరు ఒకటైనంత మాత్రమున జ్ఞాతులని నిశ్చయింపరాదు. ఇంటిపేర్లు వేరైనను సగోత్రులు కావచ్చును. సంబంధము చూచునపుడు గోత్రప్రవరలనే విచారింపవలెను.

నేడు ఇంటిపేరు ఒక్క పొడియక్షరమై మిగులుచున్నది. ఆ యక్షరము వెనుకనున్న మాట యేమని అడిగిన, చెప్పలేని పిల్లలు పెక్కుమంది కలరు. ఇంటిలోని వృద్ధులు గతించినచో ఆ జ్ఞానము వారితోనే పోవును. కావున ప్రతి గృహస్థుడును గోత్రము, ప్రవర, సూత్రము, పూర్వుల గ్రామము, మూడు తరముల పెద్దల పేర్లు ఒక పుస్తకమున వ్రాసి, పూజామందిరమున నుంచి, పిల్లలచే చదివింపవలెను. తర్పణము చేయునాడు ఆ పేర్లే కావలసివచ్చును.

సోమయాజులవారింట పుట్టినంతనే ఎవడును సోమయాజి కాడు. పేరు పెద్దలు సంపాదించి యిచ్చినది. దానికి తగినట్లు నడచుకొనుట మన వంతు.

స్వస్తి.