మార్కులు 92, మరి ఫిర్యాదు ఏమిటి?

పిల్లలకు వీడియో గేమ్ కొనేముందు మనం మార్కులే చూస్తాం కదా! 2002 నవంబరులో అమెరికాలో గేమ్‌బాయ్ అడ్వాన్స్‌కు వచ్చిన అంతరిక్ష సాహసం 'మెట్రాయిడ్ ఫ్యూజన్' సంగతి చూడండి. సమీక్షలన్నీ కలిపి మెటాక్రిటిక్ ఇచ్చిన లెక్క 100కి 92.

నాయిక సామస్‌ను ఆమె రూపంలోనే వెంటాడే శత్రువు పుట్టించే భయాన్ని, బటన్ నొక్కగానే పలికే ఆట తీరును విమర్శకులు మెచ్చుకున్నారు. అయితే 1994 నాటి 'సూపర్ మెట్రాయిడ్'లో దారి మనమే వెతుక్కోవాలి. ఇందులో ఎక్కడికెళ్ళాలో చాలావరకు కంప్యూటరే చెబుతుంది. అందువల్ల కథ బిగువుగా నడిచిందన్నారు కొందరు. వెతుకులాట తగ్గిందనీ, ఆట త్వరగా అయిపోయిందనీ అన్నారు మరికొందరు.

దారి తెలియక విసుగుపడే పిల్లవాడికి ఆ లోపమే మేలు కావచ్చు. మార్కు ఒకటే, పిల్లలు వేరు. అందుకే కారణం కూడా చదివి కొనండి.